రేడియో టవర్ కొసన ఎర్ర లైటు మూడు రాత్రులుగా వెలగడం లేదు, ఎవరికి చెప్పాలి?

డాబామీద
అందరికీ నమస్కారం. రాత్రిపూట డాబా మీద కూర్చుని ఆకాశం చూడటం నాకు ఎన్నో ఏళ్ల అలవాటు. ఇంటికి ఉత్తరాన రెండు మూడు కిలోమీటర్ల దూరంలో పెద్ద రేడియో టవర్ ఒకటి ఉంది, నాలుగు వైపులా తాళ్లతో లాగి కట్టిన సన్నటి టవర్. దాని కొసన ఎర్ర లైటు ఆరుతూ వెలుగుతూ ఉండేది. ధ్రువ నక్షత్రం కోసం చూసిన ప్రతిసారీ ముందు నా కన్ను దాని మీదే పడేది కాబట్టి, అది లేకపోతే వెంటనే తెలిసిపోతుంది. మూడు రాత్రుల నుంచి అది వెలగడం లేదు. మధ్యలో ఉండే చిన్న ఎర్ర లైట్లు మాత్రం ఎప్పటిలాగే నిలకడగా వెలుగుతున్నాయి. మొదటి రాత్రి మంచు అడ్డం వచ్చిందేమో అనుకున్నాను, రెండో రోజు బైనాక్యులర్స్ పెట్టి చూశాను, కొస మొత్తం చీకటి. నిన్న కూడా అంతే.

నా ప్రశ్న ఏమిటంటే, వాళ్లకు ఈపాటికి తెలిసే ఉంటుందా, లేక నేను చెప్పాలా? చెప్పాలంటే ఎవరికి? ఆ దారిలో అప్పుడప్పుడు హెలికాప్టర్ తక్కువ ఎత్తులో వెళుతూ ఉంటుంది, అందుకే టెన్షన్‌గా ఉంది.

ఎక్కేవాడు
చెప్పాలండీ, రేపటిదాకా ఆగొద్దు. నేను పద్నాలుగేళ్లుగా టవర్లు ఎక్కి ఈ లైట్లు మార్చే పని చేస్తున్నాను. "వాళ్లకు తెలిసే ఉంటుంది" అని చుట్టుపక్కల వందమంది అనుకుని ఊరుకున్న టవర్లు చాలా చూశాను. మధ్య లైట్లలో ఒకటి పోవడం వేరు, కొసన ఆరుతూ వెలిగే పెద్ద లైటు, అంటే బీకన్, పోవడం వేరు. కొస చీకటిగా ఉంటే ఆ టవర్ ఎత్తు సగమే అని పైనుంచి చూసేవాడు అనుకుంటాడు.

టవర్ చుట్టూ ఉన్న కంచె గేటుకు బోర్డు ఉంటుంది, దాని మీద స్టేషన్ పేరో, రిజిస్ట్రేషన్ నంబరో, ఫోన్ నంబరో ఉండాలి. ఆ నంబరుకు ఫోన్ చేసి, గేటు దగ్గర కాపలా మనిషితో కాకుండా డ్యూటీలో ఉన్న ఇంజనీర్‌తో మాట్లాడతానని అడగండి. ఎవరూ పలకకపోతే దగ్గర్లోని విమానాశ్రయానికి ఫోన్ చేసి, ఎయిర్ ట్రాఫిక్ వాళ్లకు ఒక టవర్ లైటు గురించి చెప్పాలి అని అంటే సరిపోతుంది, అక్కడినుంచి సరైన చోటికి పంపిస్తారు. టవర్ ఎక్కడుంది, ఏ లైటు పోయింది, ఎప్పటినుంచి, ఈ మూడు ముక్కలు స్పష్టంగా చెప్పండి. బోర్డు చదవడానికి వెళ్లినా కంచె లోపలికి మాత్రం కాలు పెట్టొద్దు. అది మీడియం వేవ్ టవర్ అయితే ముట్టుకోవడమే ప్రాణాపాయం.

రాత్రిఎగురు
నేను హెలికాప్టర్ పైలట్‌ని, రాత్రి డ్యూటీలు ఎక్కువ. పైనుంచి ఇదంతా ఎలా ఉంటుందో చెప్తాను, అప్పుడు ఆ ఒక్క లైటు విలువ తెలుస్తుంది.

మామూలు విమానం ఎత్తులో పోతుంది, దానికి ఈ టవర్లతో పెద్ద గొడవ లేదు. ఊళ్ల మీద ఎగిరేటప్పుడు 600 మీటర్ల పరిధిలో ఉన్న అన్నిటికంటే ఎత్తైన అడ్డంకికి కనీసం 300 మీటర్లు పైన ఉండాలని అంతర్జాతీయ నియమం. అయితే రోగిని తీసుకెళ్లే హెలికాప్టర్, పోలీసు హెలికాప్టర్, వెతుకులాటకు వెళ్లేవాళ్లు, మబ్బు కిందికి దిగితే దాని అడుగున ఇరుక్కుపోయినవాళ్లు, వీళ్లందరూ తక్కువ ఎత్తులోనే ఉంటారు. రాత్రి టవర్ అసలు కనబడదు. ఇనుప కమ్మీల సన్నటి జాలీకి వెనక ఆకాశం నల్లగానే ఉంటుంది కాబట్టి కంటికి ఆనవాలు దొరకదు. మాకు కనిపించేది లైటు మాత్రమే.

ఇంకో మాట. టవర్ కంటే నాకు తాళ్లంటే ఎక్కువ భయం. పెద్ద మాస్టు (తాళ్లతో లాగి నిలబెట్టిన టవర్) తాళ్లు కొన్ని వందల మీటర్ల దూరం వరకు నేలమీదికి చాచి ఉంటాయి, వాటికి లైట్లు ఉండవు. అందుకే కొస లైటు కనబడగానే నేను లైటుకు పక్కగా పోను, దాని చుట్టూ పెద్ద వలయం గీసుకుని ఆ వలయం బయటే తిరుగుతాను. లైటు లేకపోతే ఆ వలయం ఎక్కడ గీయాలి? 2024 అక్టోబరు 20న హ్యూస్టన్‌లో ఒక చిన్న హెలికాప్టర్ రాత్రివేళ రేడియో టవర్‌ను ఢీకొట్టి అందులో ఉన్న నలుగురూ చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మీరు ఫోన్ చేస్తే జరిగేది ఇది: ఫలానా చోట, ఇంత ఎత్తు టవర్, లైటు లేదు అని నోటామ్ జారీ అవుతుంది. నోటామ్ అంటే పైలట్లకు ముందుగా అందే హెచ్చరిక, బయలుదేరే ముందు మేం చదువుతాం. లైటు బాగవ్వడానికి పది రోజులు పట్టినా ఫర్వాలేదు, అది లేదని మాకు తెలియడం ముఖ్యం.

డాబామీద
ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. తెల్లవారగానే వెళ్లి బోర్డు చూసి ఫోన్ చేస్తాను. మూడు రాత్రులు ఊరికే చూస్తూ కూర్చున్నందుకు బాధగా ఉంది.

ఈలోగా ఒక సందేహం. పైన ఉన్నది ఆరుతూ వెలిగేది, మధ్యలో ఉన్నవి నిలకడగా వెలిగేవి, ఈ తేడా ఎందుకు? ఎరుపే ఎందుకు?

పాతమాస్టు
నేను మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ స్టేషన్లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. రోజూ సాయంత్రం చీకటి పడగానే బయటకు వచ్చి తల ఎత్తి లైట్లు లెక్కపెట్టి లాగ్ పుస్తకంలో రాయడం మా డ్యూటీ. లెక్క తప్పితే ఆ రాత్రి ఇంటికి వెళ్లేది లేదు.

ఆరి వెలిగే లైటు పని పిలవడం. చీకట్లో వంద లైట్లున్నా మినుకుమనేదాని మీదికి కన్ను దానంతటదే పోతుంది. నిలకడ లైట్ల పని ఆకారం చూపించడం, కింద నుంచి పైదాకా టవర్ ఇలా నిలబడి ఉంది అని. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో వాళ్ల నిబంధనల్లో అనుబంధం 14లో వీటికి తరగతులున్నాయి. కేండెలా అంటే వెలుగు తీవ్రతకు కొలత. చిన్న నిలకడ లైట్లు 10 కేండెలా, 32 కేండెలా ఉండేవి. మధ్యరకం ఎర్ర బీకన్ 2,000 కేండెలా, నిమిషానికి 20 నుంచి 60 సార్లు వెలగాలి. తెల్ల లైట్లు వేరే, పగలు 20,000 కేండెలా, రాత్రి అదే లైటు 2,000కి తగ్గాలి. బాగా ఎత్తైన టవర్లకు పగటిపూట 2,00,000 కేండెలా తెల్ల ఫ్లాష్ కూడా ఉంటుంది, ఎండలో కనబడాలంటే అంత కావాలి మరి. టవర్ పొడుగైన కొద్దీ కొసన ఒక్కటే పెడితే చాలదు, నడుమ ఇంకో బీకన్ వరస వస్తుంది, ఆ రెండు వరసల మధ్య చిన్న లైట్లు వస్తాయి.

ఎరుపు ఎందుకంటే, చీకటికి అలవాటుపడిన కంటిని ఎరుపు పెద్దగా చెదరగొట్టదు. కింద ఊళ్లో ఉన్న తెలుపు, పసుపు వెలుగుల్లో కలిసిపోకుండా విడిగా కనబడుతుంది కూడా. పగలు ఎర్ర లైటు ఎందుకూ పనికిరాదు కాబట్టి టవర్‌కు నారింజ, తెలుపు పట్టీలు వేస్తారు. పట్టీల్లో పై చివర, కింది చివర ఎప్పుడూ ముదురు రంగే ఉండాలి. పగలంతా తెల్ల ఫ్లాష్ పెట్టిన టవర్‌కు మాత్రం రంగు వేయకుండా వదిలేయొచ్చు.

కొత్తవిద్యార్థి
ఎక్కేవాడు అన్నా, మీడియం వేవ్ టవర్ ముట్టుకుంటే ప్రాణాపాయం అన్నారు కదా. మరి దాని మీద ఉన్న బల్బుకు కరెంటు ఎలా పోతుంది? వైరు వేస్తే ఆ రేడియో కరెంటంతా వైరులోంచి కిందికి దిగిపోదా? నేను ఎలక్ట్రానిక్స్ రెండో ఏడాది, ఇది మాకు ఎక్కడా చెప్పలేదు.

పాతమాస్టు
తమ్ముడూ, మంచి ప్రశ్న అడిగావు, దీనికి నేను చెప్తాను.

ఎఫ్‌ఎం టవర్‌లో టవర్ ఒక నిచ్చెన లాంటిది మాత్రమే, యాంటెన్నా వేరేగా దాని పైభాగాన బిగించి ఉంటుంది. టవర్ నేలకు ఎర్త్ అయి ఉంటుంది. కాబట్టి బల్బుకు మామూలు వైరు వేసుకోవచ్చు. మీడియం వేవ్‌లో చాలా స్టేషన్లలో టవరే యాంటెన్నా. అడుగున పెద్ద పింగాణీ ఇన్సులేటర్ మీద టవర్ బరువంతా నిలబడుతుంది, నేలకూ దానికీ ఇనుప సంబంధం లేదు. ట్రాన్స్‌మిటర్ పనిచేస్తుంటే ఆ ఇన్సులేటర్ రెండు వైపుల మధ్య రేడియో వోల్టేజి వేల వోల్టుల్లో ఉండొచ్చు. నువ్వన్నట్టు మామూలు వైరు వేస్తే ఆ శక్తంతా మెయిన్ లైన్లోకి దిగిపోతుంది.

దీనికి రెండు దారులు. ఒకటి చోక్ కాయిల్స్: 50 సైకిల్స్ కరెంటు వాటిలోంచి సులువుగా పోతుంది, లక్షల సైకిల్స్ రేడియో కరెంటు పోలేదు. రెండోది నాకు ఎంతో ఇష్టమైనది, ఆస్టిన్ ట్రాన్స్‌ఫార్మర్. ఆర్థర్ ఆస్టిన్ అనే అమెరికన్ ఇంజనీర్ పేరు మీద వచ్చింది. గొలుసులో రెండు లింకులు ఒకదానిలోంచి ఒకటి పోయినట్టు రెండు పెద్ద రింగులు ఉంటాయి, కానీ ఎక్కడా ఒకదాన్నొకటి తాకవు, మధ్యలో గాలి తప్ప ఏమీ లేదు. ఒక రింగు నేల వైపు, రెండోది టవర్ వైపు. కరెంటు అయస్కాంత క్షేత్రంగా ఆ గాలిని దాటి బల్బు దాకా పోతుంది. మొదటిసారి చూసినవాడు ఎవరైనా సరే ఐదు నిమిషాలు అక్కడే నిలబడిపోతాడు, నేనూ నిలబడ్డాను. పక్కనే పిడుగు కోసం రెండు లోహపు గోళాలు చిన్న ఎడంతో ఉంటాయి, పిడుగు పడితే ఆ ఎడంలోంచి దూకి భూమిలోకి పోతుంది.

అన్ని మీడియం వేవ్ టవర్లూ ఇలాగే ఉండవు. కొన్నింటిని ఎర్త్ చేసి పక్కన వేలాడదీసిన వైర్ల ద్వారా పవర్ ఇస్తారు, వాటికి ఈ ఏర్పాటు అక్కర్లేదు.

ఎక్కేవాడు
దీనికి నా వైపు నుంచి ఒకటి కలుపుతాను. పాత రోజుల్లో ట్రాన్స్‌మిటర్ ఆపకుండానే మనుషులు నేల మీంచి ఎగిరి టవర్ మీదికి దూకేవాళ్లు. ఒక కాలు నేల మీద, ఒక చెయ్యి టవర్ మీద ఒకేసారి ఉండకూడదు, అదొక్కటే నియమం. పైకి చేరాక మనిషీ టవరూ ఒకే వోల్టేజిలో ఉంటారు కాబట్టి షాక్ ఉండదు అనేవాళ్లు. దయచేసి ఎవరూ దీన్ని గొప్పగా అనుకోవద్దు. పట్టు తప్పిన అరక్షణంలో చెయ్యి లోపలినుంచి కాలుతుంది. ఆ మచ్చలు చూపించిన పెద్దవాళ్లు నాకు తెలుసు. పవర్ తీయించి, లాక్ వేయించి, తాళంచెవి నా జేబులో పడ్డాకే నేను ఎక్కుతాను. ఎఫ్‌ఎం అయినా అంతే, యాంటెన్నా ముందు నిలబడితే ఒళ్లు వేడెక్కుతుంది, అక్కడ షాక్ లేదన్న ధైర్యం పనికిరాదు.

రెక్కలలెక్క
చాలా మంచి చర్చ. పక్షుల వైపునుంచి ఒకటి చెప్పాలి, ఎందుకంటే పైన పాతమాస్టు గారు నిలకడ లైట్ల గురించి మంచిగా రాశారు, నా బాధంతా ఆ లైట్ల గురించే.

వలస పక్షులు ఎక్కువగా రాత్రిపూట ఎగురుతాయి. మబ్బు కిందికి దిగి, తుంపర పడుతున్న రాత్రి అవి చుక్కల దారి కోల్పోతాయి. అప్పుడు నిలకడగా వెలిగే ఎర్ర లైటు చుట్టూ ఒక వెలుగు గుడారం ఏర్పడుతుంది. పక్షులు అందులోకి వచ్చి మళ్లీ బయటి చీకట్లోకి పోలేక గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. తిరిగి తిరిగి తాళ్లకు తగిలి, టవర్‌కు తగిలి, ఒకదానికొకటి తగిలి పడిపోతాయి. అమెరికా, కెనడాల్లో టవర్ల వల్ల ఏటా దాదాపు 68 లక్షల పక్షులు చనిపోతున్నాయని 2012లో ఒక అంచనా అచ్చయింది. చచ్చిపోయినవాటిలో ఎక్కువ భాగం అరచేతిలో పట్టే పాట పిట్టలు, అవి వందల కిలోమీటర్లు ఎగిరొచ్చి ఇక్కడ ఆగిపోతాయి.

దీనికి మందు ఎంత తేలికో చూడండి. మిచిగన్‌లో టవర్ల కింద పడిన పక్షులను లెక్కపెట్టి 2009లో అచ్చువేసిన పరిశోధనలో, నిలకడ లైట్లు తీసేసి మినుకుమినుకు లైట్లు మాత్రమే ఉంచితే చావులు 50 నుంచి 71 శాతం దాకా తగ్గవచ్చని తేలింది. లైటు ఆరిన ఆ క్షణమే పక్షికి బయటపడే దారి అవుతుంది. కొత్త టవర్ కట్టక్కర్లేదు, ఉన్నదాన్ని కూల్చక్కర్లేదు, స్విచ్ మార్చడమే.

పాతమాస్టు
రెక్కలలెక్క గారూ, మీరు చెప్పింది కాదనను. మబ్బు రాత్రుల తర్వాత తెల్లారి టవర్ కింద చిన్న చిన్న పిట్టలు పడి ఉండటం నేనూ చూశాను, ఆ రోజుల్లో కారణం తెలియక గాలివానకు చచ్చాయనుకునేవాళ్లం. కానీ నా అనుమానం ఒకటే. నిలకడ లైట్లు తీసేస్తే, రెండు మెరుపుల మధ్య ఆ క్షణంలో టవర్ మొత్తం మాయమైపోతుంది కదా. తక్కువ ఎత్తులో వచ్చే పైలట్‌కు ఆ క్షణం చాలదా ప్రమాదానికి? ముప్పై ఏళ్లు ఆ లైట్లు వెలిగేలా చూసుకున్నవాణ్ని, అవి తీసేయమంటే మనసొప్పడం లేదు.

రాత్రిఎగురు
పాతమాస్టు గారూ, ఈ అనుమానం నాకూ ఉండేది. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ వాళ్లు దీన్ని విమానాలు ఎగరేసి పరీక్షించారు. చిన్న లైట్లు పెద్ద బీకన్‌తో కలిసి ఒకేసారి, నిమిషానికి దాదాపు 30 సార్లు వెలిగి ఆరితే పైలట్‌కు టవర్ కనబడటంలో ఇబ్బంది లేదని తేలింది. అంతకంటే నిదానమైతే చీకటి సమయం ఎక్కువైపోతుంది, మీ అనుమానం అక్కడ నిజమే. అందుకే 27 నుంచి 33 మధ్య అని గట్టిగా హద్దు పెట్టారు. 2015 చివర్లో వచ్చిన వాళ్ల కొత్త మార్గదర్శకంలో దాదాపు 350 అడుగులు దాటిన టవర్లకు నిలకడ చిన్న లైట్లు అక్కర్లేదన్నారు, అంతకంటే తక్కువ ఎత్తువాటికి చిన్న లైట్లు కూడా బీకన్‌తో కలిసి మినుకుమనాలి అన్నారు.

నా అనుభవం కూడా చెప్తాను. అన్ని లైట్లూ ఒకేసారి వెలిగితే కింద నుంచి పైకి ఒక గీత గీసినట్టు కనబడుతుంది. పాత పద్ధతిలో కన్ను పైనున్న దాని మీదికే పోయేది, మధ్యవి ఊరి లైట్లలో కలిసిపోయేవి. నాకైతే కొత్తదే మెరుగు.

పాతమాస్టు
ఎగిరేవాళ్లే చూసి మెరుగన్నాక నేను కాదనేది ఏముంది. పిట్టలు కూడా బతుకుతాయంటే అంతకంటే ఏం కావాలి. ఒకేసారి వెలగడం అన్నది మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు, టైమర్ ఒక్కటి తప్పినా ఒక్కో లైటు ఒక్కోసారి వెలిగి రెండు మూడు చిన్న టవర్లలా కనబడుతుంది.

నిద్రలేనికిటికీ
నాది మీ అందరికీ ఎదురు సమస్య. మా కిటికీకి ఎదురుగా ఉన్న టవర్‌కు తెల్ల ఫ్లాష్ ఉంది, రాత్రంతా గది గోడ మీద మెరుపు మెరిసినట్టు పడుతూనే ఉంటుంది. మా అమ్మకు తలనొప్పి, చిన్నపాపకు నిద్ర లేదు. రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు, ఈ నెల నుంచే ఇలా. ఫిర్యాదు చేస్తే "అది విమానాల భద్రత కోసం, తీయడానికి వీల్లేదు" అని పెట్టేశారు. తీయమని నేను అడగలేదు. నెల కిందటి దాకా లేనిది ఇప్పుడెందుకు అని అడిగాను.

వైరుసందు
మీరు అడిగింది సరైన ప్రశ్న. నేను ఈ లైట్ల కంట్రోలర్లు బాగుచేస్తాను. మీరు చెప్పిందాన్ని బట్టి రెండు అవకాశాలున్నాయి.

పైన పాతమాస్టు గారు రాశారు కదా, తెల్ల లైటు పగలు 20,000, రాత్రి 2,000 అని. ఆ తగ్గింపు చేసేది ఫోటోసెల్ అనే చిన్న కన్ను. ఉత్తరపు ఆకాశం వైపు తిప్పి పెడతారు, నేరుగా ఎండ పడకుండా. అది చెడిపోయినా, దాని మీద వేరే దీపం వెలుగు పడినా, రాత్రిని పగలనుకుని పదింతల వెలుతురుతో కొడుతూనే ఉంటుంది. రెండోది, అది పగలు తెలుపు, రాత్రి ఎరుపు ఉండే జంట లైటు అయి ఉండొచ్చు. అందులో ఎరుపు చెడిపోతే టవర్ చీకటి కాకూడదని దానంతటదే రాత్రి కూడా తెలుపుకు మారిపోతుంది, కాకపోతే తగ్గించిన వెలుతురుతో.

తేడా ఎలా తెలుస్తుందంటే, రెండేళ్లూ రాత్రిపూట అక్కడ ఎర్ర లైటు కనిపించేదా, గుర్తు తెచ్చుకోండి. ఎరుపు ఉండేదంటే రెండోది. ఎప్పుడూ తెలుపే ఉండి ఇప్పుడు మండిపోతోందంటే మొదటిది. ఏదైనా సరే అది రిపేరు, భద్రత కాదు. రాత్రిపూట 20,000 కేండెలా పైలట్ కంటికి కూడా ఇబ్బందే, చీకటికి అలవాటుపడిన చూపు కాసేపు చెదిరిపోతుంది. ఫోన్ చేసినప్పుడు "నిద్ర పట్టడం లేదు" అని మొదలుపెట్టొద్దు, "మీ లైటు రాత్రి కూడా డే మోడ్‌లో ఉంది, ఫోటోసెల్ చూడండి" అనండి.

నిద్రలేనికిటికీ
ఎరుపు ఉండేది! ఇప్పుడు గుర్తొచ్చింది, పాప దాన్ని చూపించి ఎర్ర చుక్క అనేది. రేపే అలా చెప్తాను.

కొత్తవిద్యార్థి
ఈ రోజుల్లో అన్నీ ఎల్‌ఈడీలే కదా, ఎల్‌ఈడీ ఏళ్ల తరబడి పోదంటారు, మరి ఇన్ని లైట్లు ఎందుకు పోతున్నాయి?

వైరుసందు
ఎల్‌ఈడీ చిప్ పోవడం తక్కువే, దాన్ని నడిపే డ్రైవర్ సర్క్యూట్ పోతుంది. ఆ ప్రాంతంలో అన్నిటికంటే ఎత్తులో ఉన్న వస్తువు అది, పిడుగుకు మొదటి లక్ష్యం. దానికితోడు పక్కనే యాంటెన్నా నుంచి వచ్చే రేడియో శక్తి. పాత రకం బీకన్‌లో 620 వాట్ల బల్బులు రెండు ఉండేవి, ఫిలమెంట్‌కు ఇవేమీ పట్టవు, వణుకుకు, వయసుకు మాత్రమే పోయేది. ఇప్పుడు అదే వెలుతురు వంద వాట్ల లోపే వస్తుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు మనిషి ప్రాణాన్ని పైకి ఎక్కించే అవసరం తగ్గింది కాబట్టి ఎల్‌ఈడీ మంచిదే అంటాను. చౌకరకం డ్రైవర్ పెడితే మాత్రం దాని రొద ఆ స్టేషన్ రిసీవర్లలోనే వినబడుతుంది.

రాత్రిఎగురు
ఎల్‌ఈడీతో మాకు వచ్చిన కొత్త చిక్కు ఒకటుంది, చాలామందికి తెలియదు. రాత్రి చూపు గాగుల్స్ పెట్టుకుని ఎగిరేటప్పుడు పాత బల్బు బీకన్ మైళ్ల దూరం నుంచి మండుతున్నట్టు కనబడేది, ఎందుకంటే ఫిలమెంట్ పరారుణ కాంతిని బోలెడంత వెదజల్లుతుంది. ఎర్ర ఎల్‌ఈడీ ఇరుకైన రంగు పట్టీలోనే వెలుగుతుంది, గాగుల్స్‌లోని ఫిల్టర్ ఆ పట్టీని కూడా ఆపేస్తుంది. అంటే మామూలు కంటికి చక్కగా కనబడే లైటు, గాగుల్స్‌లో అసలు లేనట్టే. అందుకే కొత్త బీకన్లలో ఎర్ర ఎల్‌ఈడీలతో పాటు పరారుణ ఎల్‌ఈడీలు కూడా పెడుతున్నారు. మేం గాగుల్స్ అడుగునుంచి ఉత్త కళ్లతో కూడా చూస్తూ ఉండటం నేర్చుకున్నాం. పాత బల్బు తీసి ఎల్‌ఈడీ వేసేవాళ్లు ఎవరైనా ఇది చదివితే, పరారుణం ఉన్నదే తీసుకోండి, మా ప్రాణాలు దానిమీద ఉన్నాయి.

డాబామీద
అందరికీ కబురు. పొద్దున్నే వెళ్లి కంచె బయటినుంచి బోర్డు మీద నంబరు రాసుకుని ఫోన్ చేశాను. మొదట ఎత్తిన ఆయనకు ఏమీ తెలియదు, "మా ప్యానెల్‌లో పచ్చ లైటు ఉంది, అంతా బాగానే ఉంది" అన్నారు. ఎక్కేవాడు గారు చెప్పినట్టు డ్యూటీ ఇంజనీర్ కావాలని పట్టుబట్టాను. ఆవిడ ఓపికగా విన్నారు. మూడు రాత్రుల తేదీలు, నేను చూసిన సమయాలు చెప్పాక "ఒక్క నిమిషం ఆగండి" అని లైటు పగలే వేయించి, కెమెరా పెట్టి చూసి, పది నిమిషాల్లో తనే ఫోన్ చేశారు. కొస బీకన్ చచ్చిపోయిందట. నోటామ్ కోసం అప్పుడే చెప్పేశామన్నారు.

ప్యానెల్‌లో పచ్చ ఎందుకు వచ్చిందని అడిగాను. వైరుసందు గారికి అర్థమవుతుందని వివరంగా రాస్తున్నా. ఆ అలారం వైరులో పోయే కరెంటును కొలుస్తుందట. పాత బల్బుల కాలంలో ఒక్కటి పోయినా కరెంటు బాగా పడిపోయేది, వెంటనే మోగేది. ఎల్‌ఈడీలకు మార్చినప్పుడు కరెంటు ఎలాగూ తక్కువే కాబట్టి అలారం హద్దును కిందికి దించారు. ఎంత దించారంటే, అదే లైన్లో ఉన్న మధ్య లైట్ల కరెంటు చాలు, అలారం ఊరుకోవడానికి.

వైరుసందు
ఇది నేను ఇప్పటికే రెండు చోట్ల చూశాను! లైటు మార్చినవాళ్లు లైటే మారుస్తారు, దాన్ని కనిపెట్టే అలారాన్ని మళ్లీ సెట్ చేయరు. లైటు మార్చాక చేయాల్సిన పరీక్ష ఒక్కటే, ఒక్కో లైటును వరసగా పీకి, ప్రతిసారీ అలారం మోగుతోందా లేదా చూడటం. ఇది చేయకపోతే ఆ పచ్చ లైటు ఉన్నా లేనట్టే.

పాతమాస్టు
ఇందుకే మేం బయటకు వచ్చి తల ఎత్తి చూసేవాళ్లం. అమెరికా నిబంధనలో కూడా 24 గంటలకు ఒకసారైనా మనిషి కంటితో చూడాలి, లేకపోతే నమ్మదగిన ఆటోమేటిక్ అలారం ఉండాలి అని ఉంది. కొస లైటు గానీ, మినుకుమనే ఏ లైటైనా గానీ పోయి 30 నిమిషాల్లో బాగవ్వకపోతే వెంటనే విమానయాన అధికారులకు చెప్పాలి. మీ టవర్‌కు మూడు రాత్రులు మీరొక్కరే లాగ్ పుస్తకం అయ్యారు.

ఎక్కేవాడు
ఎక్కడానికి ఎవరిని పిలిచారో గానీ, వాన ఉంటే తొందర పెట్టొద్దని చెప్పండి. తడి కమ్మీ మీద, ఉరుము వినబడుతుండగా ఎక్కకూడదు. నోటామ్ ఉన్నంతవరకు పైలట్లకు తెలుసు, కాబట్టి ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా తప్పులేదు.

నిద్రలేనికిటికీ
మాది కూడా కదిలింది. వైరుసందు గారు చెప్పిన మాటలే వాడాను. "రాత్రి ఎరుపు ఉండేది, ఇప్పుడు తెలుపు కొడుతోంది" అనగానే అవతలి మనిషి గొంతు మారిపోయింది. ఎర్ర భాగం డ్రైవర్ పోయిందట. అయితే తెలుపు కూడా తగ్గకుండా పగటి వెలుతురుతోనే కొడుతోందని, అంటే రెండు తప్పులూ ఒకేసారి జరిగాయని తేలింది. ఫోటోసెల్ మీద పక్షి రెట్ట గడ్డకట్టి, దాని కింద తేమ చేరి పాడైపోయిందట. అది మార్చగానే తెలుపు బాగా తగ్గింది, ఎరుపు వచ్చే వారం వస్తుందన్నారు. నిన్న రాత్రి అమ్మ నిద్రపోయింది.

డాబామీద
ఐదు రోజుల తర్వాత రాస్తున్నాను. మధ్యలో రెండు రోజులు వాన, అందుకే ఆగారు. నిన్న మధ్యాహ్నం ఇద్దరు మనుషులు చిన్న చీమల్లా టవర్ పైకి పోవడం బైనాక్యులర్స్‌లో చూశాను, వాళ్లు దిగేదాకా నాకు ఊపిరి ఆడలేదు. చీకటి పడ్డాక కొస వెలిగింది. గడియారం పెట్టుకుని లెక్కపెట్టాను, నిమిషానికి సరిగ్గా 30. మధ్య లైట్లు కూడా ఇప్పుడు దానితో కలిసి వెలిగి ఆరుతున్నాయి. రెక్కలలెక్క గారి పోస్టు గురించి ఆ ఇంజనీర్‌కు చెప్పాను, కంట్రోలర్ ఎలాగూ మారుస్తున్నాం కాబట్టి అది కూడా చేస్తామన్నారు, చేశారు.

రెక్కలలెక్క
ఇది చదివి కళ్లు చెమర్చాయి. నిజంగా అంటున్నాను. ఈ వలస కాలంలో మబ్బు రాత్రి తర్వాత ఒకసారి కంచె చుట్టూ చూసి, ఏమైనా పడి ఉంటే రాయండి, పడి లేకపోతే కూడా రాయండి.

ఎక్కేవాడు
ఒక్క పని మిగిలింది డాబామీద గారూ. మీకు కనబడేది ఒక వైపు మాత్రమే. చిన్న లైట్లు ఒక్కో వరసలో మూడో నాలుగో ఉంటాయి, ఏ వైపునుంచి వచ్చినా కనబడాలని. వీలైతే టవర్ అవతలి వైపునుంచి కూడా ఒక రాత్రి చూడండి.

డాబామీద
ఇందాకే స్కూటర్ మీద చుట్టూ తిరిగి వచ్చాను. పడమటి వైపు, కింది వరసలో ఒకటి వెలగడం లేదు. తేదీ, సమయం రాసిపెట్టుకున్నాను. పొద్దున్నే ఆ ఇంజనీర్‌కు ఫోన్ చేస్తాను.